గీతల కాగితం, చెంబెడు నీళ్ళు

మా ఇంట్లో నా సలహా ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు. వంటింట్లో డబ్బాలు ఎలా సర్దుకోవాలో ఒకసారి మా ఆవిడకు చెప్పబోయాను. ఆమె వెనక్కి కూడా తిరగకుండా, "ముందు నీ అంగీ గుండీలు సరిగ్గా పెట్టుకో పో" అంది. చూసుకుంటే ఒక పక్క పైకీ, ఒక పక్క కిందికీ వేలాడుతోంది. ఇంట్లో చెల్లని సరుకును బయట అమ్ముకోవడం తప్ప నాకు దారి లేకపోయింది. పదిహేడేళ్ళు అమ్మాను. నంద్యాల మిల్లుల వాళ్ళు, విత్తనాల అంగళ్ళ వాళ్ళు, బనగానపల్లె మామిడి మండీల వాళ్ళు కొన్నారు. నన్ను బిజినెస్ కోచ్ అన్నారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. అది రెండోసారి చదువుతుండగా, సగంలోనే నేనూ బడీ ఒకరంటే ఒకరం విసిగిపోయాం.

ఇప్పుడు మానుకున్నాను. ఒక్కో చోట మూడేసి రోజులు ప్లాస్టిక్ కుర్చీలో కదలకుండా కూర్చోవడమే నా వృత్తి కాబట్టి, నడుము ఒప్పుకోని రోజున వృత్తి కూడా అయిపోయింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి "అన్నా, సీక్రెట్ చెప్పు" అంటున్నారు. సీక్రెట్ లేదు. ఒక కాగితం ఉంది, ఆ కాగితం చేసిన ఒక తప్పు ఉంది. ఆ రెండూ చెబుతాను.

సంచుల మీద నెమళ్ళు

కోచ్ కాకముందు నేను బియ్యం సంచుల మీద బొమ్మలు అచ్చు వేసేవాణ్ణి. నంద్యాలలో ఒక రేకుల షెడ్డు, రెండు మిషన్లు, ఆరుగురు మనుషులు. ఒక మిల్లుకు నెమలి, ఒక మిల్లుకు రెండు ఏనుగులు, ఇంకో మిల్లుకు వాళ్ళ నాయన ఫోటో. శాంపిల్ చూడడానికి యజమానులు స్వయంగా వచ్చేవాళ్ళు. రంగు ఆరేదాకా కూర్చోవాలి. కూర్చున్న మనిషి ఊరికే ఉండడు కదా, కష్టాలు చెప్పుకునేవాడు. నేను నోరు మూసుకుని వినేవాణ్ణి, ఎందుకంటే నాకు చెప్పడానికి ఏమీ తెలియదు. వాళ్ళు దాన్ని తెలివి అనుకున్నారు.

ఒక ఏడాది నాకు పచ్చకామెర్లు వచ్చి పంతొమ్మిది రోజులు మంచం మీద ఉన్నాను. షెడ్డు మూతపడి ఉంటుందనే భయంతో తిరిగి వెళ్ళాను. సంచులన్నీ చెప్పిన రోజుకే పోయాయట. మిషన్ నడిపే ఖాజాను ఎలా చేశారని అడిగాను.

"అడిగేదానికి నువ్వు లేవు గదన్నా. మేమే చేసేస్తిమి" అన్నాడు, అదేదో చిన్న విషయమన్నట్టు.

నేను తిరిగి వచ్చిన ఆ రోజు మధ్యాహ్నంలోపు మిషన్ నాలుగుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ ఎవరో ఒకరు "అన్నా, ఇదేం చేయాల?" అంటూ నా ముందు నిలబడి ఉన్నారు. నేను దర్జాగా జవాబు చెబుతున్నాను. మర్నాడు పాత క్యాలెండర్ కాగితం ఒకటి తిరగేసి, ఎవరైనా వచ్చి "అన్నా" అని అడిగినప్పుడల్లా ఒక గీత గీశాను. సాయంత్రానికి కాగితం చాల్లేదు. రోగం కామెర్లు కాదు, నేనేనని అప్పుడు తెలిసింది.

గీతలు ఎలా గీయాలి

తర్వాత ఒక మిల్లు యజమాని రంగు ఆరేలోపు తన మనుషులకు బుర్ర లేదని తిడుతుంటే, మీ మిల్లులో మూడు రోజులు కూర్చుంటానని అడిగాను. అదే మొదటి ఉద్యోగం.

పద్ధతి ఇంతే. గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట కుర్చీ వేసుకోవాలి. యజమాని గదిలో టీ తాగకూడదు, హమాలీలతో తాగాలి. యజమాని మిమ్మల్ని వెంటబెట్టుకుని అంతా తిప్పి చూపిస్తాడు. ఆ తిరగడంలో చూసింది ఏదీ లెక్కలోకి రాదు. మూడు రోజులు ఎవరితోనూ పని గురించి మాట్లాడకూడదు. యజమానిని ఎవరు ఏది అడిగినా ఒక గీత గీయాలి, పక్కన ఏమడిగారో రాయాలి. మాట్లాడకూడదన్న నియమం నేనే పెట్టుకున్నాను. దాని మీద నాకు చాలా గర్వం ఉండేది. గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆ మిల్లులో మొదటి రోజు నూట ముప్పై ఒక్క గీతలు పడ్డాయి. అందులో ఒకటి: "అన్నా, ఫ్యాను వేయమంటావా?" మూడో రోజు సాయంత్రం కాగితాలు ఆయన ముందు పరిచాను. చాలాసేపు చూశాడు. తల పట్టుకుని, "ఇప్పుడేం చేయాలప్పా?" అన్నాడు. నేను ఇంకో గీత గీశాను. నవ్వాడు. నవ్వగలిగాడు కాబట్టి బాగుపడ్డాడు. నవ్వని వాళ్ళతో ఈ పని సాగదు, వాళ్ళు కాగితం చింపుతారు.

ఈ దేశంలో యజమానులందరూ చెప్పే మాట ఒకటే: మా వాళ్ళు సొంతంగా ఆలోచించరు. ఆలోచించిన ప్రతిసారీ తిట్టింది ఎవరో మాత్రం గుర్తుండదు.

ఒకసారి మైకు

నేను కూడా ఒకసారి నంద్యాలలో ఒక కల్యాణమండపంలో మైకు పట్టుకున్నాను. రెండు గంటలు నాయకత్వం గురించి మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నాను. ఒకాయన లేచి, "భోజనాలు కిందనా, పైనా?" అన్నాడు. మళ్ళీ మైకు పట్టుకోలేదు. చప్పట్లు కొట్టించుకోవాలని ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగిందేమీ లేదు.

లైన్లో నిలబడిన దేవుళ్ళు

ఇక అసలు సంగతి. ఆళ్లగడ్డలో వీరాచారి అని ఒక శిల్పి ఉన్నాడు. రోడ్డు పక్కనే షెడ్డు, పదకొండు మంది పనివాళ్ళు, కొడుకు మౌనేశ్. ఫోన్ చేసింది కొడుకే. వెళ్ళేసరికి షెడ్డు ముందు తొమ్మిది విగ్రహాలు తలల మీద గోనె సంచులతో నిలబడి ఉన్నాయి. మౌనేశ్ ఒక సంచి ఎత్తి చూపించాడు. ముఖం అంతా అయింది, కళ్ళు లేవు.

"చూడన్నా. తొమ్మిది మంది దేవుళ్ళు మా నాయన కోసరం లైన్లో నిలబడినారు" అన్నాడు.

వాళ్ళ పద్ధతి ఏమిటంటే, రాయి కోయడం, చెక్కడం, నునుపు చేయడం అందరూ చేస్తారు. చివరికి కళ్ళు దిద్దేది మాత్రం పెద్దాయన ఒక్కడే. గుడిలో పూజ చేసి కళ్ళు తెరిపించడం వేరు, ఇది పనిచోటి ఆనవాయితీ. ఆర్డర్లు పెరిగాయి, పెద్దాయన వేగం పెరగలేదు. ఊళ్ళవాళ్ళు ఫోన్లు చేసి తిడుతున్నారు.

గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాను. మూడు రోజుల్లో మౌనేశ్ పేరు కింద గీతలే గీతలు. వీరాచారి పేరు కింద ఒక్కటి కూడా లేదు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. పొద్దున్నే వచ్చి ఒక విగ్రహం మీది సంచి తీస్తాడు. ఎదురుగా చిన్న పీట వేసుకుని కూర్చుని చూస్తాడు. లేచి చుట్టూ తిరుగుతాడు. చిన్న సుత్తితో అక్కడా ఇక్కడా తడతాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి తల మీద నుంచి పోస్తాడు. మళ్ళీ కూర్చుని ఆకూవక్కా నములుతాడు. నీళ్ళు ఆరిపోతాయి. ఇంకో చెంబు పోస్తాడు. అదీ ఆరుతుంది. మధ్యాహ్నం దాటాక సన్నని ఉలి తీసి ఒక గంటలో కళ్ళు దిద్దేస్తాడు.

నేను కాగితం మీద రాసుకున్నాను: "కళ్ళకు గంట. ఖాళీగా ఒక పూట." నీళ్ళ సంగతి రాయలేదు. దుమ్ము కడుగుతున్నాడనుకున్నాను.

నాలుగో రోజు తండ్రీకొడుకులను కూర్చోబెట్టి నా తీర్పు చెప్పాను. కళ్ళు మౌనేశ్‌కు అప్పజెప్పాలి, పెద్దాయన ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోవాలి.

వీరాచారి నన్ను అడిగాడు. "కండ్లొకటేనా?"

"కండ్లొకటే ఆచారీ. అవి ఇడిస్తే సాలు."

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "దిద్దుతావా?"

"దిద్దుతా నాయనా. నువ్వే గదా నేర్పించింది."

"సరే" అని గుడ్డలో చుట్టిన ఉలి కొడుకు చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వాదించలేదు. వాదించని మనిషిని చూస్తే నాకు అప్పట్లో గెలిచినట్టు ఉండేది.

నెలలోపు తొమ్మిది విగ్రహాలూ బండెక్కాయి. మౌనేశ్ దిద్దిన కళ్ళు బాగున్నాయి, అందులో సందేహం లేదు. నేను ఈ కథను నంద్యాలలో ముగ్గురు యజమానులకు చెప్పాను. కొంచెం పెంచి కూడా చెప్పాను.

ఆరని గీత

తర్వాత ఒక పొద్దున మౌనేశ్ ఫోన్ చేశాడు. ఆ తొమ్మిదింట్లో చాగలమర్రి దగ్గర ఒక ఊరికి పంపిన అమ్మవారి విగ్రహాన్ని ప్రతిష్ఠకు ముందు ఆచారం ప్రకారం నీళ్ళలో ఉంచారు. పైకి తీసి ఆరబెడితే అంతా ఆరింది, ఎడమ భుజం నుంచి మోచేతి దాకా వెంట్రుక మందాన ఒక గీత మాత్రం తడిగా నిలిచింది. అంటే లోపల పగులు ఉంది. పగిలిన విగ్రహానికి పూజ లేదు.

వెంటనే ఆళ్లగడ్డ వెళ్ళాను, అక్కడి నుంచి తండ్రీకొడుకులూ నేనూ అద్దె కారులో బయలుదేరాం. వీరాచారి ముందు సీట్లో కూర్చున్నాడు. నేనే ఉండబట్టలేక, ఇది పంపే ముందు కనిపించదా అని అడిగాను.

"నీళ్ళు పోస్తే రాయంతా ఆరుతాది. పగులు ఆరదు" అన్నాడు, రోడ్డు చూస్తూనే.

చెంబు గుర్తొచ్చింది. సుత్తి గుర్తొచ్చింది. ఖాళీగా ఒక పూట అని నా చేత్తో రాసిన అక్షరాలు గుర్తొచ్చాయి. వెనక సీట్లో నా పక్కన మౌనేశ్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వాడికి కూడా నాలాగే తెలియదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు కాబట్టి, నాయన అలవాటు అనుకున్నాడు.

ఆ ఊళ్ళో గుడి పని చూసుకునేది ఓబుళరెడ్డి అనే పెద్దరైతు. విగ్రహాన్ని చూపించి పక్కకు నిలబడ్డాడు. నేను ముందుకు వెళ్ళి తప్పు నాదన్నాను.

"నువ్వెవరప్పా? ఉలి పట్టినావా?"

"లేదన్నా. సలహా ఇచ్చినా."

"ఎవరికి? రాయికా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇతరుల మీద ఇలాంటి మాటలు వేయడంలో నాకు పేరుంది. నా మీద పడితే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను.

వీరాచారి నన్ను పక్కకు జరిపాడు. "చూడాల్సినోన్ని నేను రెడ్డీ. చూడలే. అంతే."

ఓబుళరెడ్డి గొంతు తగ్గించాడు. అది అరవడం కంటే కష్టంగా ఉంది. "మంచి పనోడని సుట్టుపక్కల ఊర్లకు నీ పేరు చెప్పింది మేమే ఆచారీ. ముహూర్తం పదైదు దినాలుండాది. ఆ పొద్దుకు అమ్మ ఈడ లేకపోతే, ఆ ఊర్లన్నిటికీ మళ్ళా మేమే చెప్తాం."

"పద్నాలుగో దినం సాయంత్రానికి ఈడుంటాది."

"లేకుంటే?"

"లేకుంటే నా షెడ్డుకు బోర్డు ఉండదు."

మౌనేశ్ తండ్రి ముఖంలోకి చూశాడు. అది ఊరికే అన్న మాట కాదని ఆ చూపులోనే నాకు అర్థమైంది.

పద్నాలుగు రోజులు

మర్నాడు నేను నంద్యాల నుంచి బస్సెక్కి షెడ్డుకు వెళ్ళి, ఏదైనా పని చెప్పమన్నాను. వీరాచారి ఎగాదిగా చూసి, "నీళ్ళు మోసుకొచ్చి పెట్టు. మాట్లాడాకు" అన్నాడు. అందరికీ పనులు పంచడం నేర్పే మనిషికి అలా ఒక పని పంచారు.

కొత్త విగ్రహం కోసం తెచ్చిన మొదటి రాయిని సుత్తితో తట్టి, మోత బాగలేదని పక్కన పెట్టాడు. రెండో రాయి నాకు గుడిగంటలాగే మోగింది. ఆయనకు మోగలేదు. అప్పటికి రెండు రోజులు పోయాయి.

"బాగనే ఉండాది నాయనా, టైము లేదు" అన్నాడు మౌనేశ్.

"పోయినసారి కూడా టైము లేదనే గదరా" అన్నాడు పెద్దాయన. కొడుకు తల దించుకున్నాడు. నేను కూడా దించుకున్నాను, ఆ మాట వాడికి నేర్పింది నేనే కాబట్టి.

మూడో రాయి మీద పని మొదలైంది. మిగతా ఆర్డర్లన్నీ ఆపి ఇద్దరిద్దరు వంతులు వేసుకుని చెక్కారు. పక్క షెడ్ల వాళ్ళు వాళ్ళ మిషన్లు ఇచ్చారు. రాతిదుమ్ములో అందరూ ఒకే రంగులో ఉన్నారు, ఎవరు యజమానో తెలియదు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. కాగితం తెచ్చి ఉంటే తెల్లగానే ఉండేది.

పదమూడో రోజు మధ్యాహ్నం విగ్రహం లేచి నిలబడింది, కళ్ళు తప్ప. వీరాచారి మిషన్లన్నీ ఆపించాడు. చుట్టూ తిరిగి సుత్తితో తట్టాడు. తర్వాత నా వైపు చెయ్యి చాపాడు. చెంబు ఇచ్చాను. తల మీద నుంచి పోశాడు.

పదకొండు మందీ, మౌనేశ్, నేను నిలబడి ఒక రాయి ఆరడం చూశాం. ముక్కు ఆరింది, భుజాలు ఆరాయి, నడుము ఆరింది. ఎడమ మోచెయ్యి దగ్గర ఒక తడి మచ్చ అలాగే ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను. అది గాజుల మడతలో నిలిచిన నీటి బొట్టు. కాసేపటికి అదీ పోయింది. పెద్దాయన ఇంకో చెంబు అడిగాడు. మళ్ళీ పోశాడు, మళ్ళీ చూశాం. ఈసారి అంతా ఒక్క తీరుగా ఆరింది.

మౌనేశ్ గుడ్డలో చుట్టిన ఉలి తెచ్చి తండ్రికి అందించాడు. "నువ్వే దిద్దు నాయనా."

"ఎందుకు? నువ్వు బాగనే దిద్దుతావు. దిద్దుకో." చెంబు మాత్రం ఆయన ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు.

పద్నాలుగో రోజు పొద్దు వాలేలోపు విగ్రహం ఆ ఊరు చేరింది. ఓబుళరెడ్డి ఊరందరి ముందు బిందెతో తానే నీళ్ళు పోసి, కుర్చీ వేసుకుని కూర్చుని, ఆరేదాకా చూశాడు. మెచ్చుకోలేదు. లేచి, "అన్నం తిని పోండప్పా" అన్నాడు. వీరాచారి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, చాలాసేపు తిరిగి రాలేదు. బోర్డు ఇప్పటికీ ఉంది.

రెండో కాగితం

ఆ తర్వాత కూడా నేను గీతలు మానలేదు. పద్ధతి తప్పు కాదు, అది చప్పుడు చేసే పనినే లెక్కపెడుతుంది, అంతే. ఎవరూ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా ఒక మనిషి రోజూ చేసే పని ఉంటుంది. చాలాసార్లు అది బద్ధకంలాగే కనిపిస్తుంది. దాని కోసం రెండో కాగితం పెట్టాను. ఒక విత్తనాల అంగడి ఆయన రోజూ పొద్దున అర్ధగంట బస్తాల మధ్య ఊరికే తిరిగేవాడు. పాత నేనైతే మాన్పించేవాణ్ణి. అడిగితే, ఎలుకల వాసన చూస్తున్నానన్నాడు. ఆ పనిని ఇంకొకరికి నేర్పించాక గానీ ఆయన్ని అంగడి నుంచి కదిలించలేదు. అప్పజెప్పే ముందు, అప్పజెప్పేది ఏమిటో పూర్తిగా తెలియాలి. నాకు తెలిసిన కోచింగ్ అంతా ఇంతే.

ఆళ్లగడ్డ కథను పెంచి చెప్పిన ముగ్గురు యజమానుల దగ్గరికీ వెళ్ళి మిగతా సగం చెప్పాను. ఇద్దరు నవ్వారు. మూడో ఆయన మళ్ళీ పిలవలేదు. ఆయన్ని తప్పు పట్టను.

మానుకుంటున్నానని చెప్పడానికి మొన్న ఆళ్లగడ్డ వెళ్ళాను. షెడ్డులో ఇప్పుడు పనివాళ్ళందరూ నీళ్ళు పోసి చూస్తారు, కళ్ళు మౌనేశ్ దిద్దుతాడు. వీరాచారి పీట మీద కూర్చుని ఆకూవక్కా నములుతున్నాడు. పక్కన కూర్చుని, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న మాట అడిగేశాను.

"ఆచారీ, మూడు దినాలు నీ ఎదురుగానే ఉంటి గదా. నీళ్ళు ఎందుకు పోస్తాండావో ఒక్క మాట చెప్పింటే ఏం పోయింది?"

ఆయన తాపీగా పక్కకు ఉమ్మి, నా వైపు తిరిగాడు.

"అడిగింటే చెప్పేటోన్ని. అందరూ ఎన్ని అడుగుతాండారో గీతలు గీసుకుంటివే, దాంట్లో నీ గీత ఒక్కటన్నా ఉండెనా?"